సన్నీ బాయ్ విలియమ్సన్ ఒకరు కాదు, ఇద్దరు

అమెరికన్ బ్లూస్ సంగీతకారుడు సన్నీ బాయ్ విలియమ్సన్ 1948లో చనిపోతే, 1963లో బ్రిటిష్ రాక్ బృందం యార్డ్‌బర్డ్స్‌తో మౌతార్గాన్ ఎలా వాయించాడని అడిగారు కదండీ. తేదీలు సరైనవే, మనుషులే వేరు. మొదటాయన జాన్ లీ విలియమ్సన్, టెనెసీ వాడు. 1937 నుంచి బ్లూబర్డ్ అనే రికార్డు కంపెనీకి పాడాడు. షికాగో బ్లూస్‌లో మౌతార్గాన్‌ని ముందువరసకి తెచ్చిన ఘనత చాలావరకు ఆయనదే. 1948లో షికాగోలోనే హత్యకు గురయ్యాడు.

రెండో ఆయన మిసిసిపీకి చెందిన రైస్ మిల్లర్. 1941లో ఆర్కన్సా రాష్ట్రం హెలెనాలో, పిండి అమ్ముకోవడానికి పెట్టిన రేడియో కార్యక్రమంలో వాయిస్తూ, మొదటాయన బతికుండగానే ఆ పేరు వాడేసుకున్నాడు! పైగా అసలు సన్నీ బాయ్‌ని నేనే అనేవాడు. వాయిద్యంలో మాత్రం ఎవరికీ తీసిపోడు లెండి. యార్డ్‌బర్డ్స్‌తో వాయించింది ఈయనే, 1965లో పోయాడు.

మీ పాటల ఫైళ్లలో బ్లూబర్డ్ పాటలు జాన్ లీ పేరు కింద, ట్రంపెట్, చెకర్ అనే రికార్డు కంపెనీలవి మిల్లర్ కింద పెట్టేయండి.