గుట్ట మీద చల్లబోయే ముందు

అమ్మీ,

మీ నాయన నిన్న ఫోన్ చేసినాడు. తొలకరికి ముందే బెంగళూరు నుంచి నీ జతగాళ్ళను పిలుచుకొచ్చి, మన ఊరి గుట్ట మీద పదివేల విత్తన బంతులు విసురుతావంట. విని మీసం మెలేసినా. మన ఇంట్లో ఆ గుట్టను పట్టించుకున్నోళ్ళు ఇంతవరకూ లేరు. ఏం విత్తనాలురా అంటే సుబాబుల్ అన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మన్నూ పేడా కలిపేది, నీడన ఆరబెట్టేది నీకు తెలిసిందే. పంచాయతీని, అటవీ శాఖను ముందే అడుగు. చెప్పులు కాదు, బూట్లు వేసుకో.

ఇంక నా సంగతి. 1979. నాకు ఇరవై రెండేండ్లు. ఊరి మేకలన్నీ వంక పక్కన మన వేరుశనగ చేలోనే ఉండేవి. మా నాయన ఏటేటా రేగుకంప కొట్టుకొచ్చి దడి కట్టేవాడు. నాకు ఒళ్ళు వంగలేదు. పాపాఘ్ని ఒడ్డున సర్కారు తుమ్మ కాయలు రెండు గోతాలు ఏరుకొచ్చి, చేను చుట్టూ గుంటలు తీసి వేసినా. నీళ్ళు పోసే పని లేదు, మేక ఆకు ముట్టదు, నాలుగేండ్లకు మనిషి దూరలేని గోడ. మా నాయన ఒకే మాట అన్నాడు: "నాగజెముడు చూసినోణ్ణిరా నేను." ఆయన పసితనంలో అది ఊళ్ళను కమ్మేసింది. 1926లో సింహళం నుంచి పురుగును తెచ్చి వదిలితే గానీ దాని పీడ పోలేదు. నేను నవ్వినా.

మేక ఆకు ముట్టదు, నిజమే. కాయ తింటుంది, తియ్యగా ఉంటుంది కదా. గింజ అరగదు. పెంటికల్లో పడి, ఎరువేసి నాటినట్టు మొలుస్తుంది. మొదట వంకలో, తర్వాత చెరువులో, ఆపైన పక్క చేలో. ఆ ఎకరా ఒక ముసలామెది. ఏటా కంప కొట్టించే కూలి పెట్టుకోలేక బీడు పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక దినం వాళ్ళింటి ముందు పోతుంటే పిలిచి, మడమలో ముల్లు తీయమంది. పిన్నీసుతో తీసినా. "మీ కంపే నాయనా" అంది, నవ్వుతానే. నేను తల ఎత్తలేదు.

నరికితే పోయేది కాదది. పైన నరికితే ఒక్క కొమ్మకు పది లేస్తాయి. మొదలంటా తవ్వి పెకలించాల. మన చేలో జేసీబీ పెట్టించింది మీ నాయన, నీ కమ్మలకని దాచిన దుడ్లతో. నీకు చెప్పి ఉండడు.

దాన్ని మన దేశానికి తెచ్చినోళ్ళూ చెడ్డోళ్ళేం కాదు. 1876లో బెడ్డోమ్ అనే అడవుల దొర, వంటచెరకు కోసం ఆ విత్తనాలు తెప్పించమని మద్రాసుకు రాసినాడు. మరుసటేడు జమైకా గింజలు నాటింది ఎక్కడనుకున్నావు? మన కడప జిల్లా కమలాపురంలోనే. పేరుకు తుమ్మ గానీ, దసరాకు మొక్కే జమ్మికి దాయాది అది. కరువు ఏండ్లలో దాని బొగ్గులు కాల్చుకుని బతికిన ఇండ్లూ ఉన్నాయి. ఇప్పుడు అంతా పీకేస్తామంటే వాళ్ళకేం చెప్పాల?

విదేశీ మొక్కంటే పెదనాయనకు పడదనుకోవద్దు. వేరుశనగ, మిరప సముద్రం దాటొచ్చినవే. మనం విత్తితే మొలుస్తాయి, మానేస్తే పోతాయి. సీతాఫలం సంగతేమంటావా, అదీ పైనుంచి వచ్చిందే, గుట్టల్లో తనంతట మొలుస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు, తియ్యగా ఉంటుందని ఊరుకున్నా.

సుబాబుల్ చేలో పెంచితే కాగితం మిల్లుకు కొట్టి అమ్ముతారు. గుట్ట మీద కొట్టేదెవరు? కాయలు పగిలి రాలితే అడుగంతా మొలకలే, నరికితే మళ్ళీ చిగురే. అప్పటికి నువ్వు బెంగళూరులో ఉంటావు. గుట్ట బోడిగా ఉందంటున్నావు గానీ, ఆ బోద గడ్డిలో కౌజులు గుడ్లు పెడతాయి, గొర్రెలు మేస్తాయి. ఆ గొర్రెలోళ్ళను అడిగినావా?

కోప్పడినట్టు ఉందా? ఉండనీ. రా తల్లీ, మానుకోవద్దు. కానుగ, నేరేడు, రేగు గింజలు నేను ఏరి పెడతా, నా మోకాళ్ళు మొత్తుకున్నా సరే. గుట్ట నెత్తిన కాదు, గట్టు కింద తేమ నిలిచే చోట వేద్దాం, ఐదొందల బంతులు చాలు.

నువ్వు కొన్న ఆ సుబాబుల్ మూటను మాత్రం పెంటదిబ్బలో పారేయొద్దు. వేడినీళ్ళు పోసి చంపుదామనుకోకు, వేడి తగిలితే ఇంకా బాగా మొలుస్తాయి. ఇక్కడికే తీసుకురా, మీ పెద్దమ్మ పొయ్యిలో వేస్తుంది.

మీ పెదనాయన