నవలే ముందు, సినిమా తర్వాత. ఇందులో రాజీ లేదు

"నవలని సినిమాగా తీసినప్పుడు ముందు నవల చదవాలా, సినిమా చూశాక చదవాలా?" అని అడిగారు. ముందు నవలే చదవాలి. "ఎవరి ఇష్టం వాళ్లది" అనే జవాబు ఇవ్వడం నాకు చేతకాదు.

సినిమా ముందు చూసేస్తే ఆ హీరో మొహం బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోతుంది. తర్వాత నవల తెరిస్తే ప్రతి పేజీలోనూ ఆయనే తిరుగుతుంటాడు. రచయిత్రి బక్కగా, చామనఛాయగా ఉంటాడని రాసినా మీకు కనబడేది ఆ కండలు తిరిగిన మనిషే. నవల ముందు చదివితే ఆ మనిషిని మీరే తయారు చేసుకుంటారు. ఒక్కో కథకి ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలంటే మా వాడ గురించి చెప్పాలి. మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. నది దాటితే కాళేశ్వరం. మా జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దాని కంటే మంచిర్యాల పోయి రావడం సులువు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వాడంతా తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు చదవడం వచ్చినవాళ్లని మాత్రం వెతుక్కోవాలి. మా బాపుకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, మరాఠీ పేపరు మాత్రం మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా వదలడు. ఇక్కడి పిల్లలకి ఇంటి భాషలో నాలుగు అక్షరాలు నేర్పే ఏర్పాటు ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. ఎన్నికలప్పుడు మాత్రం మైకులో మంచి తెలుగు వినిపిస్తుంది. సరే, అది ఇంకో గొడవ.

అమ్మ మంచిర్యాల వైపు నుంచి కోడలిగా వచ్చింది. ఆమెకి చదవడం వచ్చు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా' ఉండేది. అట్ట ఎప్పుడో పోయింది, గోనె దారంతో కుట్టి ఉండేది.

ఎండాకాలం వస్తే మా దగ్గర తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, సీజన్. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు, మధ్యాహ్నం కూర్చుని నారతో కట్టలు కడతారు, సాయంత్రం ఫడీకి, అంటే ఆకు కొనే చోటికి, తీసుకెళ్లి అప్పజెప్తారు. ఆ మధ్యాహ్నం పూట మా వేపచెట్టు కింద పెద్దమ్మలు, చిన్నమ్మలు, వదినెలు అందరూ చేరేవాళ్లు. చేతికి పని ఉంటుంది, చెవికి ఉండదు. అమ్మ తన వాటా ఆకు పక్కవాళ్లకి తోసేసి 'మీనా' చదివి వినిపించేది. డబ్బున్న గడుసు తల్లి, నోరెత్తని తండ్రి, పట్నంలో పెరిగిన పిల్ల పల్లెకి పోయి అక్కడ బావని చూడటం. అంతే కథ. కానీ కట్టలు కట్టే చేతులు ఆగిపోయేవి. "ఆకు ఎండిపోతది, కట్టుండ్రి" అని అమ్మే మధ్యలో గదమాయించేది.

అసలు తమాషా ఏమిటంటే, అక్కడ కూర్చున్న ఒక్కొక్కరికీ ఒక్కో బావ. పెద్దమ్మ లెక్కలో మీనా బావ అంటే ఫడీ దగ్గర లెక్క రాసే మున్షీ, ఎందుకంటే ఆయన ఆకు కట్టల్ని విసిరెయ్యకుండా మర్యాదగా తీసుకునేవాడు. చిన్నమ్మకేమో మిలిటరీలో ఉన్న తమ్ముడు. ఒక వదినె ఎవరో చెప్పేది కాదు, ఎవరో అందరికీ తెలుసు. నాకు మా మరాఠీ సారు. మీనా తల్లి విషయంలో మాత్రం ఎవరికీ తేడా లేదు, వాడంతటికీ ఆవిడ ఆకు కాంట్రాక్టరు పెళ్లామే.

'మీనా'ని 1973లోనే విజయనిర్మల సినిమాగా తీశారు, కృష్ణ హీరో. అది మావాళ్లెవరూ చూడలేదు. 2016లో త్రివిక్రమ్ తీసిన 'అ ఆ' వచ్చింది. తర్వాత అది టీవీలో వేసిన రోజు మా ఇంట్లో జనం నిండిపోయారు. సినిమా కాసేపు నడిచిందో లేదో పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఆగుండ్రి ఆగుండ్రి. గిది మన మీనా ముచ్చట గాదె?"

అంతే, ఇక సినిమా ఎవరు చూశారు! నితిన్ కనబడగానే "గీ పిల్లగాడా బావ? ఎండల తిరిగిన మొఖమేనా ఇది?" అని చిన్నమ్మ. "మరి నీ తమ్మున్ని పెట్టాల్నా?" అని పెద్దమ్మ. సమంత బాగుంది గానీ మన మీనా ఇన్ని మాటలు మాట్లాడదని ఇంకొకరు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా పంచాయితీ. ఆ కథ తెలియని మా తమ్ముడి భార్య ఒక్కతే నిశ్శబ్దంగా చూసి, అయిపోయాక "బాగుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నా జవాబంతా ఆ ఒక్క మాటలో ఉంది. ముందు సినిమా చూసినవాళ్లకి బాగుందనో బోరనో తప్ప ఇంకేం మిగలదు. కథని ముందే మనసులో కాపురం పెట్టుకున్నవాళ్లకి దర్శకుడితో పోట్లాడే హక్కు ఉంటుంది. త్రివిక్రమ్‌తో మా పెద్దమ్మ పోట్లాడింది, చిన్న విషయమా?

తర్వాత నేను తెలుగు చదవడం నేర్చుకున్నాక 'మీనా' కొత్త ప్రతి కొని చదివాను. అమ్మ చదివినప్పుడు కాళేశ్వరం శివరాత్రి జాతరలో మీనా తప్పిపోయే ఘట్టం ఒకటి ఉండేది. పుస్తకమంతా వెతికినా కాళేశ్వరమే లేదు. అడిగితే "మరి గాళ్లకి మన తీరుగ చెప్తేనే గదా ఎక్కేది" అంది. అయితే మీరు విన్నది కూడా నవల కాదు, మీ అమ్మ తీసిన సినిమాయే కదా అని నా మిత్రుడొకడు వాదిస్తాడు. వాదించనివ్వండి. అమ్మ జాతర చేర్చింది గానీ బావ మొహం మాత్రం ఎవరి మీదా రుద్దలేదు.

సస్పెన్స్ పోతుందనేవాళ్లతో నాకు పేచీ. కథంతా ముందే తెలిసిన ఒగ్గుకథకి జనం తెల్లవార్లూ కూర్చుంటారు. సస్పెన్స్ పోతే నిలబడని కథని చదవడమెందుకు, చూడటమెందుకు?

బడి మరాఠీ కాబట్టి నేను నా అంతట నేను చదివిన మొదటి పెద్ద నవల మిలింద్ బోకిల్ రాసిన 'శాళా', అంటే బడి. ఎమర్జెన్సీ రోజుల్లో తొమ్మిదో తరగతి చదివే ముకుంద్ చెప్పే కథ. సుజయ్ డహాకే తీసిన సినిమాకి ఉత్తమ మరాఠీ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది, నిజంగా మంచి సినిమా. అయినా నవలంతా ముకుంద్ తనలో తాను అనుకునే మాటలే. పైకి ఒకటి అంటాడు, లోపల ఇంకోటి అనుకుంటాడు, ఆ రెంటి మధ్య ఉన్న వెక్కిరింపులోనే రుచి అంతా. కెమెరాకి కుర్రాడి మొహం దొరుకుతుంది గానీ ఆ వెక్కిరింపు పూర్తిగా దొరకదు. నేను నవల ముందు చదివాను కాబట్టి సినిమాలో ఆ పిల్లాడు ఊరికే చూస్తూ నిలబడ్డప్పుడు కూడా వాడేం అనుకుంటున్నాడో నాకు వినబడింది.

ఇంకో కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. సినిమా వచ్చాక కొన్ని నవలల కొత్త ముద్రణకి అట్ట మీద హీరో బొమ్మ వేస్తారు. అంటే కొనేవాళ్లకి ఊహించుకునే పని కూడా లేకుండా చేస్తున్నారన్నమాట. అలాంటి పుస్తకం కొనాల్సి వస్తే నేను పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకుంటాను. పేరు చూసి మోసపోయేవాళ్లు వేరే రకం. 1960లో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' చూసి బుచ్చిబాబు నవల చదివేసినట్టే మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆ సినిమా ఒక బెంగాలీ సినిమాకి రీమేక్, నవలకీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. చెప్తే ఆయన నా మీదే అలిగాడు.

మా వైపు లాగా తెలుగు చదవడం రానివాళ్లు ఏం చెయ్యాలని అడుగుతారేమో. చదవడం వచ్చినవాళ్లని పట్టుకుని చదివించుకోండి, వినడమూ చదవడమే. యూట్యూబులో రెండు నిమిషాల్లో కథ చెప్పేస్తామనే వీడియోలు మాత్రం వద్దు. వాటిలో కథ ఉంటుంది, మనుషులు ఉండరు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' తీసుకోండి. గొర్రెలు తోలుకుని నల్లమల ఎక్కే కథ, అడవి పక్కన బతికే మాలాంటివాళ్లకి ఇంకా బాగా పడుతుంది. 2021లో క్రిష్ సినిమాగా తీశారు, అది తర్వాత చూడండి. మా తమ్ముడు నా మాట వినకుండా సినిమా ముందు చూసి, పుస్తకం సగం దాకా చదివి, సినిమాలో హీరోయిన్ ఓబులమ్మ ఎప్పుడొస్తుందని రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. ఆమె నవలలో లేనే లేదని నేను వాడికి ఇంకా చెప్పలేదు.