డాక్టర్ సలహా: బాబు దవడలో మళ్లీ మళ్లీ తిత్తులు.. జన్యు లోపం ఉందన్నారు, క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు. రెండేళ్ల కిందట కింది దవడలో తిత్తి వస్తే ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు రెండో వైపు వచ్చింది. బయాప్సీలో కెరటోసిస్ట్ అన్నారు. జన్యు పరీక్ష చేయిస్తే పీటీసీహెచ్1 జన్యువులో లోపం ఉందని, గోర్లిన్ సిండ్రోమ్ అని వచ్చింది. నెట్‌లో వెతికితే అన్నిచోట్లా క్యాన్సర్ అనే ఉంది. మావాడికి క్యాన్సర్ వచ్చినట్లేనా? కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా పొరపాటు చేశానా? తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ రిపోర్టు మీ బాబుకు క్యాన్సర్ ఉందని చెప్పడం లేదు. గోర్లిన్ సిండ్రోమ్ అంటే పుట్టుకతో ఉన్న జన్యు లోపంవల్ల దవడలో తిత్తులు, చర్మంపై గడ్డలు వచ్చే సమస్య. దవడలో వచ్చిన కెరటోసిస్ట్ అనే ఆ తిత్తి కూడా క్యాన్సర్ కాదు. ఇక మీ పొరపాటు సంగతి. మీరు తిన్నది, తాగింది, వేసుకున్న మందు.. వీటివల్ల ఈ జన్యు లోపం రాదు. ఆ బరువు మనసులోంచి తీసేయండి.

పీటీసీహెచ్1 జన్యువు ప్యాచ్డ్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అది కణం పైపొరలో ఉంటుంది. అదే కణంలో స్మూతెన్డ్ అనే ఇంకో ప్రొటీన్ కూడా ఉంది. దాన్ని వదిలేస్తే కణానికి 'పెరుగు, విభజన చెందు' అని సంకేతం పంపుతూనే ఉంటుంది. పాలు పితికే వేళకు విప్పి మళ్లీ కట్టేసే దూడలాంటిది స్మూతెన్డ్. దాన్ని కట్టేసే గుంజ ప్యాచ్డ్. కడుపులో బిడ్డ తయారవుతున్నప్పుడు హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రొటీన్ వచ్చి ప్యాచ్డ్‌కు అతుక్కుంటుంది, కట్టు వీడుతుంది. చేతికి ఏ వేలు ఎక్కడ రావాలి, ముఖం మధ్యభాగం, మెదడు ఎలా ఏర్పడాలి అన్నవి చాలావరకు ఈ సంకేతం మీదే ఆధారపడతాయి. పని అయ్యాక మళ్లీ కట్టు పడాలి. గుంజే విరిగితే పెద్దయ్యాక కూడా కణాలు పెరుగుతూనే ఉంటాయి.

ఈ సంకేతం మొదట బయటపడింది పండు ఈగల్లో. క్రిస్టియాన్ నుస్లెయిన్ ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ 1980లో ప్రచురించిన ఆ పరిశోధనకు 1995లో నోబెల్ దక్కింది. ఆ మరుసటి ఏడాదే, 1996లో, గోర్లిన్ సిండ్రోమ్‌కు మూలం మనిషిలోని ప్యాచ్డ్ జన్యువేనని తేలింది.

ప్రతి కణంలో ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. మీ బాబుకు ఒకటి పుట్టుకతోనే పాడైంది, రెండోది బాగానే ఉంది. ఆ రెండోది కూడా పాడైన కణమే గడ్డకు మొదలవుతుంది. చర్మంలో దాన్ని ఎక్కువగా పాడుచేసేది ఎండ. ఎక్స్‌రే, రేడియేషన్ కూడా పాడుచేయగలవు. అందుకే నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ రెండో ప్రతిని కాపాడుకోవడానికే.

బాబు ఎండలోకి వెళ్లేటప్పుడు టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ అలవాటు చేయండి. క్రికెట్ మానిపించక్కర్లేదు, ఆట సాయంత్రానికి మార్చండి చాలు. ఈ సిండ్రోమ్‌లో ఎక్కువగా వచ్చేది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్. మన చామనఛాయ చర్మానికి తెల్లవారికంటే ఈ ముప్పు తక్కువ. కానీ మనవాళ్లలో ఇది చాలాసార్లు నల్లగా ఉండి, పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. పెరుగుతున్న మచ్చ, మానని పుండు, ఊరికే రక్తం కారే పొక్కు కనిపిస్తే ఆలస్యం చేయకుండా చర్మ వైద్యుడికి చూపించండి. మొదట్లోనే తీసేస్తే సాధారణంగా అంతటితో సరిపోతుంది. ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. ఏమీ కనిపించకపోయినా ఏటా ఒకసారి ఒళ్లంతా చూపించండి.

బాబు ఫైలు అట్ట మీదే 'గోర్లిన్ సిండ్రోమ్ – రేడియేషన్ వీలైనంత వద్దు' అని ఎర్ర ఇంకుతో రాసి పెట్టండి. సీటీ స్కాన్ రాస్తే ఎంఆర్ఐతో పని జరుగుతుందా అని అడగండి. రేడియోథెరపీ మాట వస్తే వేరే దారి ఉందా అని తప్పక అడగాలి. దవడకు ఏటా తీసే ఓపీజీ ఎక్స్‌రేకు మాత్రం భయపడకండి, ఆ మోతాదు చాలా తక్కువ. కెరటోసిస్ట్ పొర పల్చగా ఉంటుంది. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుంది. ఆలస్యమైతే దవడ ఎముకను లోపల్లోపలే తినేస్తుంది. అందుకే ఆ ఓపీజీ ఏ ఏడాదీ మానొద్దు.

మీరు నెట్‌లో చూసిన క్యాన్సర్లలో మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ కూడా ఉండొచ్చు. పీటీసీహెచ్1 లోపం ఉన్నవారిలో అది నూటికి ఇద్దరికి కూడా రాదు. వచ్చినా చాలావరకు ఐదేళ్లలోపే వస్తుంది. మీ బాబు ఆ వయసు దాటేశాడు.

విస్మోడెగిబ్ అనే మాత్ర గురించి కూడా మీరు చదివే ఉంటారు. ముదిరిన బేసల్ సెల్ క్యాన్సర్‌కు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. అది స్మూతెన్డ్‌ను అడ్డుకుంటుంది. 1950లలో అమెరికాలోని ఐడహోలో చూలు గొర్రెలు వెరాట్రమ్ అనే అడవి మొక్క తిని ఒంటికన్ను పిల్లలను ఈనాయి. ఆ మొక్కలోని పదార్థం కూడా స్మూతెన్డ్‌నే అడ్డుకుంటుందని తర్వాత తేలింది. అందుకే ఈ మాత్ర గర్భిణులకు ప్రమాదకరం. ఎదిగే పిల్లల్లో ఎముకల పెరుగుదలను ముందే ఆపేయగలదు. మీ బాబుకు ఇప్పుడు దాని అవసరమే లేదు. ఎవరైనా ముందుజాగ్రత్తగా వాడమంటే ఒప్పుకోవద్దు.

ఇక పాప విషయం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే పాపకు రావడానికి సగం అవకాశం ఉంది. నలుగురైదుగురిలో ఒకరికి మాత్రం తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగానే వస్తుంది. మీ ఇద్దరూ, పాప కూడా రక్తపరీక్ష చేయించుకోండి. బాబులో దొరికిన ఆ ఒక్క మార్పునే వెతుకుతారు. ఈలోగా మీ ముగ్గురి అరచేతులను పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి వెలుతురులో చూడండి. గుండుసూది మొనతో గుచ్చినట్టు చిన్న గుంటలు ఉండటం ఈ సిండ్రోమ్‌కు ఒక గుర్తు, అవి కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి. కనిపించకపోయినా పరీక్ష మానొద్దు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు బయాప్సీ కాగితం, ఆపరేషన్ వివరాలు, జన్యు పరీక్ష రిపోర్టు మూడూ వెంట తీసుకెళ్లండి.