సందేహాలు – సమాధానాలు: డేటాను ‘బంధించ’వచ్చా?

సందేహం: మాది గుంటూరు. వ్యాపారులు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో సహాయ పాఠం రాస్తున్నాను. వెబ్‌సైటు సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్ గురించి అందులో ‘గూగుల్ అనలిటిక్స్ డేటాను చార్టుకు బంధించండి’ అని రాస్తే, ‘బైండ్ చేయండి’ చాలని తోటివారు అంటున్నారు. ఏది సరైనది? డైమెన్షన్, మెట్రిక్ రెంటినీ ‘కొలత’ అనవచ్చా?

సమాధానం: ‘బంధించు’ వద్దండి. అనుబంధం, సేతుబంధనం వంటి మాటల్లో కలపడమనే అర్థం ఉన్నా, ‘బంధించు’ అనే క్రియ వినగానే తెలుగువాడికి తోచేది కదలకుండా పట్టి ఉంచడమే. దొంగను బంధిస్తారు, ఏనుగును బంధిస్తారు. మీరు చెప్పదలచుకున్న పని దీనికి సరిగ్గా ఎదురు. ఈ పని ఎలా జరుగుతుందో మా మేనల్లుడి పక్కన కూర్చుని చూశాను. పట్టికలో విజయవాడ వరసలో 40 ఉన్నచోట 65 అని కొట్టాడు. చార్టు జోలికే పోలేదు. అయినా ఆ ఊరి పేరు మీది కమ్మీ తనంతట తనే పైకి లేచింది. అంకె కదిలితే బొమ్మ కదలాలి. అలాంటి కదలికకు కట్టేసే మాట ఎలా నప్పుతుంది?

‘బైండ్ చేయడం’ ప్రోగ్రామర్లు తమలో తాము అనుకుంటే ఇబ్బంది లేదు. మీ పాఠం చదివేది వ్యాపారులు. వాళ్లకు బైండింగ్ అంటే లెక్కల పుస్తకాన్ని కుట్టి అట్ట వేయించడం.

మన దగ్గర ‘అనుసంధానం’ ఉంది. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. 2015లో ఆ నీళ్లు వచ్చినప్పటి నుంచి ఈ మాట మన వైపు రైతుల నోట కూడా ఉంది. ఆధార్ అనుసంధానం సరేసరి. హిందీ వచ్చినవారు దీనికి ‘పరిశోధన’ అని అర్థం చెబుతారు. సంస్కృతంలోనూ అన్వేషణ అనే అర్థం ఉన్నది నిజమే. తెలుగు వాడుకలో మాత్రం కలపడమనే అర్థం స్థిరపడింది కాబట్టి సందేహించకండి.

ఇక విభక్తి. ‘చార్టుకు’, ‘చార్టుతో’ రెండూ తప్పు కావు గానీ, ఒకటి ఎంచుకోమంటే నేను ‘కు’ వైపే. గోదావరి నీరు కృష్ణకు వస్తుంది, కృష్ణ నీరు అటు పోదు. చార్టు కూడా అంతే, అంకెలు అందుకుంటుంది గానీ వాటిని మార్చదు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే డబ్ల్యూపీఎఫ్‌లో దీన్ని వన్ వే అంటారు; ‘ఒకవైపు అనుసంధానం’ అనండి. రెండు వైపులా మార్పు ప్రవహించే టూ వే దగ్గర ‘తో’ చక్కగా కుదురుతుంది. మొదట ఒక్కమారు అంకె అందుకుని ఆపై మార్పులు పట్టించుకోని వన్ టైమ్‌ను మాత్రం ‘ఒకేసారి’ అని రాయకండి. అన్నీ ఏకకాలంలో అనే అర్థం వచ్చేస్తుంది. ‘ఒక్కసారే’ అంటే ఆ చిక్కు లేదు.

ఇంకొక క్రియ కూడా మీకు అవసరం. క్లౌడ్‌లో, అంటే గూగుల్ అనలిటిక్స్ వంటి సేవ నడిచే దూరపు కంప్యూటర్లలో, అంకె మారినంత మాత్రాన మీ చార్టుకు తెలియదు. డెస్క్‌టాప్ ప్రోగ్రామైనా బ్రౌజర్‌లోని పేజీ అయినా ఆ సేవను మళ్లీ అడగాలి, జవాబు రావాలి. ఆ పనికి ‘తెప్పించు’ అనే చక్కటి మాట ఉంది. ముందు తెప్పించడం, ఆపైన అనుసంధానించడం. రెంటినీ ఒకే మాటలో కలిపేస్తే, చార్టు ఖాళీగా ఉన్నప్పుడు పొరపాటు ఎక్కడుందో వ్యాపారికి అంతుపట్టదు.

డైమెన్షన్‌ను కొలత అనడం ఇక్కడ పొరపాటే. నిఘంటువులో ఆ అర్థం ఉంటుంది, నిజమే. కానీ గూగుల్ అనలిటిక్స్‌లో డైమెన్షన్ అంటే ఊరు, తేదీ, పేజీ పేరు వంటి వివరం. కొలిచేది మెట్రిక్, సందర్శకులు ఎంతమంది అనే అంకె అది. కాబట్టి మెట్రిక్ ‘కొలత’, డైమెన్షన్ ‘అంశం’. అడ్డగీత మీద అంశం, నిలువుగీత మీద కొలత పెడితే బడిలో గీసిన కమ్మీ చిత్రమే అవుతుంది.

డేటాను డేటాగానే ఉంచండి. బడి పుస్తకాల్లోని ‘దత్తాంశం’ నాకెంతో ఇష్టం. లాటిన్‌లో డేటా అంటే ఇచ్చినవి, సంస్కృతంలో దత్తమంటే ఇచ్చినది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. అయినా అంగట్లో కూర్చున్నవారికి డేటాయే దగ్గర.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘గూగుల్ అనలిటిక్స్ నుంచి ఊరివారీగా సందర్శకుల సంఖ్య తెప్పించి, ఆ డేటాను చార్టుకు అనుసంధానించండి.’