నీ కథలో ఇంటిపన్ను ఎంతో రాయలేదేం?

నాయనా,

నీ కథ చేరింది. ఈ రోజుల్లో కూడా చేత్తో రాసి పోస్టులో పంపేవాళ్లున్నారని సంతోషించాను. బాగున్నవి బాగున్నాయి, వాటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక్క ప్రశ్న. ఇంటిపన్ను కట్టలేక మాస్టారు కుమిలిపోయాడని పేజీలకు పేజీలు రాశావు. ఆయన కట్టాల్సింది ఎంత? ఎక్కడా లేదు. ఒకచోట "వేలకు వేలు" అన్నావు, ఇంకోచోట "నడ్డి విరిచే పన్ను" అన్నావు. నడ్డి విరగడం పేపర్లలో రోజూ చూస్తున్నదే, దానికి ఎవరూ ఉలిక్కిపడరు. డబ్బు మీద కథ రాసేవాడు అంకె చెప్పడానికి మొహమాటపడకూడదు. 4,827 రూపాయలని రాయి. చదివేవాడు తన బిల్లు గుర్తు తెచ్చుకుని మరీ చదువుతాడు.

ఆ 4,827 ఎక్కడిదంటావా? నీ కథ ఆంధ్రలోని ఓ మున్సిపాలిటీలో జరుగుతోంది కాబట్టి లెక్క వేశాను. అక్కడ 2021 మార్చి దాకా పన్ను అద్దె విలువ మీద ఉండేది. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో ఊహించి, దాని మీద వేసేవాళ్లు. ఆ ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీదకి మారింది. స్థలానికి రిజిస్ట్రేషన్ విలువ, దాని మీదున్న భవనానికి ఇంకో విలువ, రెండూ కలిపి అందులో ఇంత శాతం. నివాస గృహాలకైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో ఎంతన్నది ఊరు తేల్చుకోవాలి. ఒకేసారి మీద పడకుండా, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని కట్టడి పెట్టారు. వినడానికి బాగానే ఉంటుంది. మాస్టారి పాత పన్ను 2,400 అనుకో. మొదటి ఏడాది 2,760, తర్వాత 3,174, ఆపైన 3,650, 4,198, అయిదో ఏటికి 4,827. రెట్టింపు దాటింది. ఇంటి విలువ 60 లక్షలుగా కట్టి 0.12 శాతం వేశారనుకుంటే అసలు పన్ను 7,200. అంటే మెట్లు ఇంకా ఉన్నాయి. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు సవరిస్తే ఆ 7,200 కూడా అక్కడే ఆగదు.

ఈ మార్పు ఎందుకొచ్చిందో కూడా నీకు తెలిసుండాలి, కథలో రాయకపోయినా సరే. 2020లో కోవిడ్‌తో రాష్ట్రాల ఖజానాలు ఎండిపోయినప్పుడు, అదనంగా అప్పు తెచ్చుకోనిస్తాం గానీ కొన్ని సంస్కరణలు చేయండని కేంద్రం షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తిపన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టడం వాటిలో ఒకటి. ఆ పట్టణ సంస్కరణలు ముందుగా పూర్తిచేసి అప్పు తెచ్చుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మాస్టారి గుమ్మంలో పడ్డ నోటీసు ఢిల్లీలో బయల్దేరిందన్నమాట. నువ్వేమో దాన్ని మున్సిపల్ చైర్మన్ దుర్బుద్ధిగా రాశావు. ఆ చైర్మన్ పాత్రని తీసేసినా నీ కథకేం లోటు రాదు.

ఇక అసలు చిక్కు చెప్తాను. నీ మాస్టారు గవర్నమెంటు హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన పెన్షన్‌కి ఏడాదికి 4,827 ఒక లెక్కా? నెలకు నాలుగొందల చిల్లర. కేబులూ ఇంటర్నెట్టూ కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడంటే చదివేవాడు నవ్వుతాడు. అందుకే కాబోలు అంకె దాచావు, నీకు తెలియకుండానే.

మనిషిని మార్చు. ప్రైవేటు మిల్లులోనో పొగాకు కంపెనీలోనో ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి తీసుకో. పీఎఫ్ పెన్షన్ అని వాళ్లకి వచ్చేది ఎంతో తెలుసా? దాని కనీస మొత్తం వెయ్యి రూపాయలని 2014లో పెట్టారు. మనవాడికి పద్దెనిమిది వందలు వస్తుందనుకుందాం. తాత నాటి స్థలంలో పెంకుటిల్లు తీసేసి రెండు గదుల డాబా వేసుకున్నాడు. అప్పుడది ఊరి చివర. తర్వాత బైపాస్ పడింది, పక్కన కల్యాణ మండపం వచ్చింది, గజం ధర ఎక్కడికో పోయింది. ఈయన గోడకి సున్నం కూడా కొత్తగా కొట్టలేదు, కాగితం మీద మాత్రం 60 లక్షల ఆసామీ. చేతికొచ్చేది పద్దెనిమిది వందలు. అమ్మితే డబ్బున్నవాడే, కానీ అమ్మి ఎక్కడుంటాడు? ఇదీ నీ కథ. పన్ను వేసేది ఇంటి విలువ మీద, కట్టాల్సింది జేబులోంచి. ఈ రెంటి మధ్యా ఎంత దూరముంటే అంతే బరువు. ఆ దూరం చూపించావంటే బరువుందని నువ్వు వేరే చెప్పనక్కర్లేదు.

చిన్నిళ్లవాళ్లకి వెసులుబాటు లేకపోలేదు. ఆంధ్రలో 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలు. హైదరాబాద్‌లో 2016 ఎన్నికల ముందు, పన్ను 1,200 లోపున్న ఇళ్లకి 101 రూపాయలు చాలన్నారు. ఇవన్నీ ఇంటి కొలతనీ బిల్లు సైజునీ చూస్తాయి. లోపలున్న మనిషి వయసెంత, రాబడెంత అని చూడవు. నీ ముసలాయనది 700 అడుగుల ఇల్లని రాసెయ్, ఆ దారీ మూసుకుపోతుంది.

కథలో ఆయన కొడుకుని డాలస్‌లో పెట్టావు. పెట్టి ఊరుకున్నావు, ఫోన్ చేసి "నాన్నా, నేను కట్టేస్తాలే" అనడం తప్ప వాడికి పనే లేదు. టెక్సాస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు, ఇంటిపన్ను మాత్రం భారీ. చాలాచోట్ల ఇంటి విలువలో రెండు శాతం దాకా పడుతుంది. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి ఎనిమిది వేల డాలర్లు అనుకో. బ్యాంకు అప్పు తీరినా ఆ కిస్తీ తీరదు. కాకపోతే అక్కడ సొంతింట్లో ఉండేవాడికి అరవై అయిదేళ్లు నిండితే, ఆ పన్నులో స్కూళ్లకి వెళ్లే వాటా ఉన్న మొత్తం దగ్గరే ఆగిపోతుంది, ఇంటి విలువ పెరిగినా. తండ్రి నాలుగు వేలకి టెన్షన్ పడుతుంటే కొడుక్కి నవ్వొస్తుంది. ఆ నవ్వు తండ్రికి ఫోన్లో వినిపించాలి. అక్కడ రెండు పేజీల సంభాషణ నీకు ఊరికే దొరుకుతుంది, వదులుకోకు.

బిల్ కలెక్టర్ సంగతి. మాస్టార్ని "ఆయన" అన్నావు, అతన్ని "వాడు" అన్నావు. మీసం పెట్టావు, కిళ్లీ నమిలించావు. మా కాలం సినిమాల్లోంచి దిగొచ్చినట్టున్నాడు. ఇప్పుడు ఆంధ్రలో గుమ్మం ముందుకొచ్చేది చాలావరకూ వార్డు సచివాలయం అడ్మిన్ సెక్రటరీ. ఎక్కువమంది పాతికేళ్ల పిల్లలు, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు. మార్చి వచ్చిందంటే టార్గెట్లు, సాయంత్రం ఎంత వసూలైందని గ్రూపులో మెసేజులు. తిట్టేవాళ్లు తిడతారు, మంచినీళ్లిచ్చేవాళ్లు ఇస్తారు. ఆ అమ్మాయి (అమ్మాయిని చెయ్యి, నా మాట విను) తన వార్డు బాకీల లిస్టు పట్టుకుని తిరుగుతుంటుంది. ఆ లిస్టులో పెద్ద మొత్తాలెవరివో తెలుసా? చాలా ఊళ్లలో ప్రభుత్వ ఆఫీసులవే. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీదైతే పన్నే వేయకూడదని రాజ్యాంగం 285వ అధికరణం చెప్తుంది. రాష్ట్ర ఆఫీసులు కట్టాలి గానీ బడ్జెట్ రాలేదంటాయి. ఆ పిల్ల తాసీల్దారు ఆఫీసుని అడగలేదు, రెండు గదుల డాబాలో ముసలాయన్ని అడగగలదు. ఆ ఒక్క మధ్యాహ్నం రాశావంటే నీ చైర్మన్ చేయాల్సిన పని అదే చేసేస్తుంది.

అడగడంలో వెర్రితలలూ ఉన్నాయి. 2015లో హైదరాబాద్‌లో పన్ను బాకీ ఉన్నవాళ్ల గుమ్మాల ముందు చెత్తడబ్బాలు పెట్టారు. హైకోర్టు మందలించింది. వడ్డీ సంగతి వేరే చెప్పాలా, ఆలస్యమైతే నెలకు 2 శాతం. మన లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. అది వడ్డీవ్యాపారి అడిగితే దోపిడీ అంటాం. మళ్లీ అదే హైదరాబాద్‌లో మధ్యమధ్య ఓ స్కీము పెట్టి, పాత బాకీ మొత్తం కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ అంటారు. ఏటా ఠంచనుగా కట్టిన పక్కింటాయన కడుపుమంట చూడాలి అప్పుడు. అతనికి నీ కథలో చోటుందేమో ఆలోచించు. నాకైతే అతని మీదే జాలి ఎక్కువ.

హైదరాబాద్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. అక్కడింకా అద్దె విలువ పద్ధతే. నెల అద్దె విలువ 50 రూపాయల లోపైతే పన్ను లేదు, అక్కణ్ణించి 17, 19, 22 శాతాలు, 300 దాటితే 30 శాతం. మూడొందలకి ఆ ఊళ్లో ఇప్పుడు సైకిల్ పెట్టుకునే చోటు కూడా దొరకదు. నువ్వెప్పుడైనా వ్యంగ్యం రాయదలచుకుంటే ఆ పట్టిక ఎత్తి రాసినా సగం పనైనట్టే.

ఇక ముగింపు. మాస్టారు నోటీసు చింపి గాల్లోకి ఎగరేశాడు, వీధంతా చప్పట్లు కొట్టింది. వద్దు. చింపడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే చీరాల-పేరాల ఉద్యమం గురించి చదువు. ఆ ఊళ్లని కలిపి మున్సిపాలిటీ చేశాక పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. చేనేత మీద బతికే జనం. పన్ను తగ్గించమని కాదు, మాకు మున్సిపాలిటీయే వద్దన్నారు. 1921లో గాంధీ చీరాల వచ్చి, ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతే మున్సిపాలిటీ దానంతటదే పోతుందన్నది ఒక మార్గంగా చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక వేలమంది ఇళ్లకి తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. దుగ్గిరాలకి ఏడాది జైలు పడింది. చివరికి జనం ఇళ్లకి తిరిగొచ్చారు. చీరాల నేటికీ మున్సిపాలిటీయే. కాగితం చింపితే పన్ను పోదని వాళ్లకి తెలుసు కాబట్టే ఇల్లు వదిలారు. నీ ముసలాయనకి వదిలి వెళ్లడానికి రామనగర్ లేదు. పైగా ఆయనకి మున్సిపాలిటీ కావాలి. సందులో మురుక్కాలవ పొంగుతుంటే ఆయనే కదా నాలుగో పేజీలో అర్జీ పెట్టింది? ఆ పేజీ కథలో అన్నిటికన్నా బాగుంది. పన్ను అన్యాయం అని తేల్చేస్తే ఆ పేజీ వృథా. పన్ను లేకపోతే ఆ కాలవ తీసే మనిషికి జీతం లేదు. ఈ రెండూ ఆయన నోటే పలికించగలిగితే నువ్వు రచయితవి.

చివరగా నా స్వార్థం. ఇంటిపన్ను బిల్లులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది, పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. మన 4,827లోనూ అది ఉంది. జనం కట్టిన ఆ సెస్సుని స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకి జమచేయకుండా ఆపేస్తాయన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. నీ కథలో ముసలాయన రోజూ పొద్దున్నే లైబ్రరీకెళ్లి పేపరు చదువుతాడు. పేపరు మానిపించారని, బిల్లు బాకీ ఉందని అక్కడ చెప్పించు. తన డబ్బే అక్కడికి చేరలేదని ఆయనకి తెలియాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే తెలియనివ్వను.

మార్చి ఆఖరి వారంలో మీ వార్డు సచివాలయానికి పోయి ఓ మూల కూర్చో. ఎవరేం అంటున్నారో విను, నోట్‌బుక్ బయటికి తీయకు. తిరగరాసిన కథ ఏప్రిల్‌లో పంపినా ఫర్వాలేదు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు. 4,827 మీద రెండొందల నలభై రూపాయల దాకా మిగులు. దాని కోసం నీ ముసలాయన పక్కింట్లో చేబదులు అడుగుతాడా, కొడుక్కి ఫోన్ చేస్తాడా, వదిలేస్తాడా? అది తేల్చుకుని రాయి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు (నీ కథలో ఆయన కాదు)