కోచ్ మారారు, గోల్స్ పడుతున్నాయి

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి జులైలో కొత్త కోచ్ వచ్చారు. ఇదివరకు వెనక కాచుకుని 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) ఆడేవాళ్లం. ఇప్పుడు 4-3-3, బంతి పోగానే మీద పడమంటున్నారు. ఆడిన ఆరు ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో నాలుగు ఓడాం, అదీ చివరి అరగంటలోనే. కాలేజీల పోటీలు దగ్గరపడ్డాయి. పాత పద్ధతికే వెళ్దామని అడగొచ్చా?
- బి.ఏ. విద్యార్థి, అమలాపురం

జవాబు: తప్పు పద్ధతిది కాకపోవచ్చు. ముందు ముగ్గురూ ప్రెస్ చెయ్యడానికి (బంతి ఉన్నవాడి మీద పడి లాక్కోవడానికి) దూకుతుంటే, వెనక నలుగురు పాత అలవాటు కొద్దీ పెనాల్టీ బాక్సు దగ్గరే ఉండిపోతున్నారేమో చూడండి. అప్పుడు మధ్యలో 50 మీటర్ల ఖాళీ ఉంటుంది. మిడ్‌ఫీల్డర్లు ముగ్గురూ గంటసేపు పరుగెత్తి దాన్ని పూడుస్తారు, ఆ తర్వాత కాళ్లు లేవవు. మీ చివరి అరగంట కథ బహుశా ఇదే.

ముందు ఆటగాడికీ వెనక డిఫెండరుకీ మధ్య 30-35 మీటర్లు మించకూడదు. సగం మైదానంలో ఎనిమిదిమందికి ఎనిమిదిమంది ఆడండి: 4 నిమిషాలు ఆట, 2 నిమిషాలు విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. ఫార్వర్డ్ కదిలిన క్షణమే సెంటర్ బ్యాక్ (మధ్యలో ఉండే డిఫెండర్) ‘ఎక్కండి’ అని అరవాలి, నలుగురూ కలిసి పది మీటర్లు ముందుకు రావాలి. గోల్‌కీపరూ బాక్సు అంచుకి రావాలి. చాలా జట్లు మర్చిపోయేది ఇతన్నే.

ప్రతి బంతికీ దూకొద్దు. ఎదుటివాడు వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు, మొదటి టచ్ తప్పినప్పుడు, టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర ఇరుక్కున్నప్పుడు దూకండి. ఐదారు సెకన్లలో బంతి దక్కకపోతే అందరూ బంతి వెనక్కి వచ్చెయ్యాలి. ఆధిక్యంలో ఉంటే చివరి ఇరవై నిమిషాలు వింగర్లిద్దర్నీ (ముందు ముగ్గురిలో రెండు పక్కలా ఆడేవాళ్లని) మిడ్‌ఫీల్డ్‌లోకి దించి 4-5-1గా కాచుకోండి. నాకౌట్ పోటీలో ఇందులో నామోషీ ఏమీ లేదు. కోచ్‌గారిని అడగాల్సింది ఇదే.

ఉక్కపోత సంగతి వేరు. డెల్టా గాలిలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆటకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర నీళ్లు పట్టించాలి. కోనసీమలో కొబ్బరినీళ్లకి కొదవ లేదు కానీ, చెమటలో పోయినంత సోడియం వాటిలో ఉండదు. చిటికెడు ఉప్పు కలుపుకోండి, లేదా ఓఆర్‌ఎస్ తాగండి.

ప్రశ్న: వానపడితే మా గ్రౌండులో రెండ్రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. ఇసుక తోలిస్తే సరిపోతుందా?
- కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, తణుకు

జవాబు: నల్లమట్టిలో కాస్త ఇసుక కలిపితే ఆరాక ఇటుకలా బిగుసుకుంటుంది. డబ్బు దండగ. ముందు నీటికి దారి చూపండి. మైదానం మధ్య నుంచి పక్కలకి నూటికి ఒకటి, ఒకటిన్నర వాలు ఉండాలి: 30 మీటర్లకి 30-45 సెంటీమీటర్లు. టచ్‌లైన్‌కి నాలుగైదు మీటర్ల అవతల బోదె తవ్వించి డ్రెయిన్‌లో కలపండి. ఆ డ్రెయిన్ మట్టం బోదె కంటే ఎత్తుగా ఉంటే నీళ్లు వెనక్కి తంతాయి, ముందే చూసుకోండి.

తడిమీద ప్రాక్టీస్ మాత్రం వద్దు. బూట్ల అడుగున ఉండే స్టడ్స్ దిగిన గుంటలు ఎండాక రాళ్లలా గట్టిపడతాయి, వాటిలో పడే చీలమండలు బెణుకుతాయి. ఆ రెండ్రోజులూ వీడియో చూపించండి, సెట్ పీసులు (ఫ్రీకిక్, కార్నర్ లాంటివి) బోర్డు మీద గీయించండి.

ప్రశ్న: త్రో ఇన్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ అవుతుందా? మా ఊరి మ్యాచ్‌లో పెద్ద గొడవైంది.
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అవదు. (ఆఫ్‌సైడ్ అంటే ఎదుటి సగంలో, బంతి కంటే, ఎదుటి జట్టు చివరి నుంచి రెండో ఆటగాడి కంటే గోల్‌కి దగ్గరగా ఉండి పాస్ అందుకోవడం.) గోల్ కిక్‌కీ, కార్నర్‌కీ అంతే. కానీ అందుకున్నవాడు ఇంకొకరికి పాస్ ఇచ్చిన క్షణం నుంచి ఆఫ్‌సైడ్ మామూలుగానే వర్తిస్తుంది. మీ ఊళ్లో గొడవ బహుశా ఆ రెండో పాస్ దగ్గరే అయి ఉంటుంది.