సైటేషన్ల లెక్కకు దిగేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ పథకం చదివాను. మనసుకు కంప్యూటర్ నమూనాలు కట్టినవాళ్లలో గుర్తులు, నియమాల బాట పట్టినవాళ్లు ఒక వర్గం, నాడీజాలాల (న్యూరల్ నెట్‌వర్కుల) బాట పట్టినవాళ్లు ఇంకో వర్గం. 1980, 90లలో ఈ రెండు వర్గాలూ ఒకరి పేపర్లను ఒకరు ఎంతగా ఉదహరించుకున్నాయో సైటేషన్లతో తేల్చాలని నీ ఉద్దేశం. అంశం బాగుంది. సమయం పంచుకున్న తీరే బాగా లేదు. డేటా శుభ్రం చేయడానికి ఒక నెల, ఎవరికెవరు దగ్గరో చూపే పటాలకు అయిదు నెలలు రాసుకున్నావు. దాన్ని తిరగెయ్యి. పటం ఒక పూటలో గీసెయ్యొచ్చు. పేర్లు తేలకుండా గీసిన పటాన్ని మాత్రం ఆర్నెల్లు కూర్చున్నా సరిదిద్దలేవు.

నీ అంశంలో పేర్ల దగ్గరే పెద్ద గొయ్యి ఉంది. ‘ఆండర్సన్ జె.’ అని ఒక్క పొడి అక్షరం ఉంచి మిగతావి కొట్టేశావనుకో, జాన్ ఆర్. ఆండర్సన్, జేమ్స్ ఎ. ఆండర్సన్ ఒకే మనిషైపోతారు. మొదటాయన నియమాల బాటలో యాక్ట్ అనే మనసు నమూనాను, ఆ తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో యాక్ట్-ఆర్‌ను కట్టినవాడు. రెండో ఆయన బ్రౌన్ యూనివర్సిటీలో నాడీజాలాల మీద పనిచేసినవాడు. ఇద్దరినీ కలిపేస్తే నీ పటంలో రెండు వర్గాల మధ్య బ్రహ్మాండమైన వంతెన లేస్తుంది. ఆ వంతెన ఉందా లేదా అన్నదే కదా నీ ప్రశ్న!

మనవాళ్ల పేర్లతో తంటా వేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగా ముడుచుకుని. ఇండెక్సు చేసే యంత్రమేమో చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది. దాంతో వేలమంది రావులు, రెడ్లు, ప్రసాదులు ఒకే కుప్పలో పడతారు. చిత్తూరు ప్రాంతంలో పుట్టి కార్నెగీ మెలన్‌లో స్థిరపడిన రాజ్ రెడ్డిగారినే తీసుకో. పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. మాటలను గుర్తించే యంత్రాల మీద 1976లో ఆయన రాసిన సమీక్ష డి. ఆర్. రెడ్డి పేరుతో ఉంటుంది, ఇంకోచోట రాజ్ రెడ్డి అని కనిపిస్తారు. ఆయన బృందం మాటలను గుర్తించే హియర్‌సే-2 ప్రోగ్రాములో వాడిన ‘నల్లబల్ల’ పద్ధతి (ప్రోగ్రాములోని భాగాలన్నీ తమ ఊహలను ఒకే చోట రాసి పంచుకోవడం) మీదే, మనిషి రోజు పనులు ఎలా ప్లాన్ చేసుకుంటాడో చెప్పే ఒక నమూనా 1979లో కాగ్నిటివ్ సైన్స్ జర్నల్‌లో వచ్చింది. కాబట్టి ఆయన నీ పటంలోకి వచ్చే మనిషే. రెండు ముక్కలుగా వస్తే రెండూ చిన్నవై, ఇన్ని సైటేషన్లకు తక్కువైతే వదిలేద్దామని గీసే కోత గీత కిందకు జారి మాయమైపోతాయి.

ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే ఓర్కిడ్ గుర్తింపు నంబర్లు వాడతానన్నావు. అవి మొదలైందే 2012 అక్టోబరులో. గుర్తుల బాటలో పెద్దవాడైన ఆలెన్ న్యూయెల్ 1992లో, నాడీజాలాల బాటలో పెద్దవాడైన రూమెల్‌హార్ట్ 2011లో పోయారు. నీ కాలానికి అవి అక్కరకు రావు. ఎక్కువగా ఉదహరింపబడిన మొదటి 200 మందినీ చేత్తోనే తేల్చు. పట్టికలో ఒక్కో వరసలో పేరు కనిపించిన తీరు, సంస్థ, సహరచయితలు, తొలి పేపరు, చివరి పేపరు సంవత్సరాలు, నీ నిర్ణయం, దానికి కారణం ఉండాలి. సంస్థ, సహరచయిత, తన పాత పేపర్లను తానే ఉదహరించుకోవడం: ఈ మూడింట్లో రెండైనా కలిస్తేనే రెండు పేర్లను ఒకటి చెయ్యి. అనుమానముంటే విడిగానే ఉంచు. విడదీస్తే లెక్క కొంత తగ్గుతుంది, అంతే. తప్పుగా కలిపితే లేని బంధుత్వం పుట్టుకొస్తుంది.

పేపర్లలోనూ కవలలుంటాయి. రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ముగ్గురి పేరిట 1986లో వచ్చినవి రెండు. ఒకటి నేచర్ 323వ సంపుటంలో 533 నుంచి 536 దాకా నాలుగే పేజీలు. రెండోది నాడీజాలాలవాళ్లు అదే ఏడు రెండు సంపుటాలుగా తెచ్చిన పీడీపీ గ్రంథం మొదటి సంపుటంలో ఎనిమిదో అధ్యాయం. శీర్షికలూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. పేర్లు, సంవత్సరం మాత్రమే చూసి జతచేసే స్క్రిప్టు ఈ రెంటినీ ఒకటి చేసేస్తుంది. పేజీలనూ, జర్నలా పుస్తకమా అన్నదాన్నీ కూడా చూడమను. ఇదొక్కటే కాదు, పీడీపీ మొదటి సంపుటానికి రూమెల్‌హార్ట్ పేరు ముందు, రెండో సంపుటానికి మెక్‌క్లెలాండ్ పేరు ముందు. రిఫరెన్సు జాబితాల్లో మొదటి రచయితను మాత్రమే ఉంచుకున్న పాత డేటాతో పనిచేస్తే హింటన్‌కు 1986 పేపరు లెక్కలో సున్నా పడుతుంది. అలాంటి డేటా వాడక తప్పకపోతే ‘మొదటి రచయిత లెక్క’ అని పటం కిందే రాయి, వెనక అనుబంధంలో దాచకు.

పుస్తకాల సంగతి ఇంకొక్క మాట. ఈ రంగంలో అసలు వాదాలు చాలావరకు పుస్తకాల్లోనే జరిగాయి. డేటాబేసుల్లో పుస్తకాలు ఉదహరింపబడినట్టు కనిపిస్తాయి గానీ, అవి ఎవరిని ఉదహరించాయో చాలాసార్లు ఉండదు. కీలకమైన పది పదిహేను పుస్తకాల రిఫరెన్సులు నువ్వే టైపు చేసుకో. విసుగు పనే, వేరే దారి లేదు. ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల డేటాబేసు ఉచితం, వాడుకో. దించిన రోజు తేదీ వేసి ముడి ఫైళ్లను ముట్టుకోకుండా పక్కన పెట్టు. వచ్చే ఏడు అదే ప్రశ్న వేస్తే అదే జవాబు రాదు.

ఇక కో-సైటేషన్. ఒక పేపరు ఇద్దరినీ కలిపి ఉదహరిస్తే ఆ ఇద్దరి మధ్య ఒక దారం పడుతుందన్నమాట. హెన్రీ స్మాల్, ఇరీనా మర్షకోవా 1973లో ఎవరికి వారే పేపర్ల జతల విషయంలో దీన్ని ప్రతిపాదించారు. దీన్లో లెక్క తప్పేది ఇక్కడ: 40 రిఫరెన్సులున్న పేపరు 780 జతలు పుట్టిస్తుంది. 200 రిఫరెన్సులున్న సమీక్షా వ్యాసం 19,900 జతలు పుట్టిస్తుంది. అంటే ఒక్క సమీక్ష పాతిక పేపర్ల గొంతుతో అరుస్తుంది. అందుకే ప్రతి పేపరుకూ మొత్తం బరువు ఒకటే ఇచ్చి, దాన్ని ఆ పేపరులోని జతలన్నిటికీ సమానంగా పంచు. ఈ లెక్కతో ఒక పటం, మామూలు లెక్కతో ఒక పటం గీసి పక్కపక్కన పెట్టు. తేడా ఎక్కువగా ఉంటే ఆ తేడాయే నీ పేపరులో ఒక ఫలితం.

ముడి సంఖ్యలను అలాగే పోల్చకు, పేరున్నవాళ్లు అందరికీ దగ్గరివాళ్లుగా కనబడతారు. ఒకరిని 100 పేపర్లు, ఇంకొకరిని 64 పేపర్లు ఉదహరించి, 40 పేపర్లలో ఇద్దరూ కలిసి ఉన్నారనుకో. 100ను 64తో గుణించి వర్గమూలం తీస్తే 80. 40ని 80తో భాగిస్తే 0.5. పటంలో వాళ్ల దగ్గరితనానికి ఆ అంకె వాడు. దాని బదులు పియర్సన్ సహసంబంధం వాడితే మాతృకలో ఎవరి పేరు వాళ్లకే ఎదురయ్యే వికర్ణం గళ్లలో ఏం పెట్టాలన్న గొడవ మొదలవుతుంది, దాని జోలికి పోకు. అయిదేసి ఏళ్ల కిటికీలుగా విడగొట్టు. 1980 నుంచి 1999 దాకా అంతా ఒకే కుప్ప చేస్తే చీలిక ఎప్పుడొచ్చిందో తెలియదు.

గుంపులు కట్టడానికి లూవాన్ బదులు 2019లో వచ్చిన లైడెన్ అల్గారిథం వాడు. లూవాన్ ఒక్కోసారి తమలో తమకు దారమే లేని ముక్కలను కూడా ఒకే గుంపంటుంది. ఏది వాడినా, యాదృచ్ఛిక ఎంపికలకిచ్చే ఆరంభ సంఖ్య (సీడ్) మార్చి 50 సార్లు నడుపు. గుంపులు మారుతూ ఉన్న పేర్లను పటంలో బూడిద రంగులో చూపించు.

ఇంతా చేశాక కూడా పటం నిన్ను తప్పుదారి పట్టించగలదు. 1988లో గుర్తుల వర్గానికి చెందిన ఫోడర్, పిలిషిన్, నాడీజాలాల నమూనాలు ఆలోచనలోని క్రమబద్ధతను వివరించలేవని గట్టిగా వాదించారు. ఆ పేపరును నాడీజాలాలవాళ్లే జవాబు చెప్పడానికి ఏళ్ల తరబడి ఉదహరించారు. అందుకని పటంలో అది ప్రత్యర్థుల ఇంట్లోనే కూర్చోవచ్చు. కో-సైటేషన్‌కు స్నేహం, కొట్లాట రెండూ ఒకటే. ప్రతి ముఖ్యమైన గుంపు నుంచీ 100 చోట్లు తీసి, సైటేషన్ ఉన్న వాక్యం, ముందు వాక్యం, వెనక వాక్యం చదువు. వాడుకున్నారు, సమర్థించారు, విభేదించారు, ఊరికే ప్రస్తావించారు అని నాలుగు గుర్తులు పెట్టు. ఇంకొకరిచేత విడిగా అదే పని చేయించు. మీరిద్దరూ 80 చోట్ల ఏకీభవించారని సంబరపడకు. గుడ్డిగా పెట్టినా 60 చోట్ల కలిసేవైతే, ఆ గుడ్డి కలయికను తీసేసి ఏకీభావాన్ని కొలిచే కప్పా 0.5 మాత్రమే. అప్పుడు గుర్తుల నిర్వచనాలు తిరగరాసి, కొత్త వాక్యాలతో మళ్లీ మొదలుపెట్టు.

ఆ రెండో మనిషి పేరు పేపరులో ఎక్కడ వస్తుందో పని మొదలవకముందే మాట్లాడుకో. పేపరుకు ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ పద్ధతిలో 14 పాత్రలున్నాయి, ఎవరిది ఏదో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. ఎవరు ఎవరిని ఎంత లెక్కలోకి తీసుకున్నారని పేపరు రాస్తూ పక్కవాళ్ల పేరు మరిచిపోతే నవ్వుతారు.

పటాలేవీ ఇప్పుడు పంపొద్దు. మొదటి 50 పేర్ల పట్టిక, కారణాల గడితో సహా, తయారుకాగానే పంపు.

ఆశీస్సులతో.